మా జీపు

1941లో అమెరికా సైన్యముకొఱకు తయారైన జీపు జాతి యిప్పుడు మా కోయిలకుంట్ల నల్లరేగడిలో కాపురము సేయుచున్నది! మావారు పాతబండిని కొనినపుడు, "నాలుగు చక్రములును లాగును, భయము లేదు" అని అమ్మినవాడు చెప్పెను. మేమును నమ్మితిమి.

గత యుత్తరకార్తె వానలో అత్తగారికి ఆయాసము రాగా నంద్యాలకు బయలుదేఱితిమి. పొలముబాటలో బంకమన్ను రాగిసంకటివలె చక్రములకు పట్టుకొనెను. వెనుకచక్రములు తిరుగుచున్నవే కాని బండి కదలదు. ముందుచక్రములను కలుపు చిన్న గేరుకడ్డీని మావారు లాగిరి, అది రాలేదు. దానిని తాకి యెన్నేండ్లాయెనో! అత్తగారు మా చేయి పట్టుకొని, "అమ్మాయీ, ఎడ్లను పిలిపించు" అనిరి. ఎడ్లే గట్టెక్కించినవి. వైద్యుడు వేళకు అందెను.

వాడకలేక కడ్డీ తుప్పుతో బిగిసినదని మెకానిక్కు చెప్పెను. తారురోడ్డుపై కలిపినచో టైర్లును గేర్లును అఱుగునట. నెలకొకమాఱు ఇసుకలో కలిపి నడుపుడనెను. ఇప్పుడు కుందూ ఇసుకలో కడ్డీ లాగు పని మాదే. అత్తగారు గట్టున కూర్చుండి చూచుచుందురు.