శేషపూరణము

కార్తీకమాసమున వాయుగుండము మైపాడు తీరమును సమీపించి, విద్యుత్తుతో పాటు ఇంటర్నెట్టును హరించుకొనిపోవు రాత్రులయందు, సగము దిగి నిలిచిపోయిన ఫైలును తుడిచివేసి, మరల మొదటినుండి దింపుకొన నుద్యమించువారిని చూచినపుడెల్ల నాకు తిక్కన సోమయాజి స్మరణకు వచ్చును.

1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 అను వెబ్ ప్రమాణమున, ఫలానా బైటునుండియే పంపుమని సర్వరును కోరుటకు వీలు కలదు. సమ్మతించిన సర్వరు 206 అను సంకేతముతో శేషభాగమును మాత్రమే పంపును. కావున బ్రౌజరు విడిచిన అసంపూర్ణపు ఫైలుకు అసలు పేరు పెట్టి, అదే లింకును ‘కంటిన్యూ’ ఆదేశముతో డబ్ల్యూగెట్ అను దింపు సాధనమునకు ఒప్పగించినచో, అది ఆ ఫైలు పొడవును కొలిచి, అచ్చటినుండి సాగించును.

అయితే అన్ని సాధనములును వరుసగా దింపవు. ఆరియా2 వంటివి ఫైలును ఖండములుగా విభజించి ఏకకాలమున దింపును గనుక, నడుమ ఖాళీలుండియు పొడవు పూర్తిగా కనబడవచ్చును. ఏ ఖండము చేరినదో తెలుపు లెక్క లేనిదే వేరొక సాధనము ఆ లోపమును ఎరుగజాలదు.

తెలుగు భారతపు కథయు ఇట్టిదే. 11వ శతాబ్దమున నన్నయ దానిని అరణ్యపర్వము నడుమ విడువగా, 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానమందలి తిక్కన ఆ శేషమును తాకక, విరాటపర్వము మొదలు 15 పర్వములను రచించెను. నడిమి ఖాళీని 14వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ముగ్గురి శైలులును వేరైనను మూలము వ్యాసునిదే, ఆగిన ఘట్టము విదితమే. ఈ రెండును స్థిరముగ నున్నంతవరకు, ఆరంభించినవాడే ముగింపవలెనను నియమము లేదు. మూలమే మారినచో మాత్రము, ఎంత భాగము చేతనున్నను, మొదటినుండి దింపుకొనుటయే మేలు.