అద్దాల మేడల మధ్య అరిటాకు

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. కొండాపూర్‌లో ఓ భోజన హోటల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. కూర్చున్న వాళ్లందరి చేతుల్లో టోకెన్లు. లోపల్నుంచి ఎవరో వచ్చి నంబరు పిలిచినప్పుడల్లా పది తలలు లేస్తాయి, తొమ్మిది మళ్లీ వాలిపోతాయి. అచ్చం డాక్టరు గది ముందు కూర్చున్నట్టే. కాకపోతే ఇక్కడ మొహాల్లో దిగులు లేదు... ఆకలుంది!

ఆ వరసలో సోంపేట నుంచి వచ్చిన ఓ పెద్దాయన, పక్కన భార్య, కొడుకు, కోడలు. "అన్నం తినడానికి చీటీ ఏట్రా?" అంటారాయన. కొడుకు నవ్వేసి, "ఇవాళ నయం నాన్నా, ముప్పావుగంటలో పిలిచేస్తారు" అని సర్దిచెబుతాడు. ఊళ్లో పెళ్లికి వెళ్లినా మొదటి బంతిలోనే కూర్చునే పెద్దమనిషి ఆయన. హైటెక్ సిటీలో శనివారం రాత్రి మొదటి బంతి అంటూ ఉండదని పాపం ఆయనకేం తెలుసు!

హైటెక్ సిటీ అనగానే ఊళ్లలో చాలామంది కళ్ల ముందు మెదిలేవి అద్దాల మేడలు, మెడలో ఐడీ కార్డులు, చేతిలో పిజ్జా ముక్కలు. మేడలూ కార్డులూ నిజమే. పిజ్జాలూ ఉన్నాయి. కానీ సాయంత్రం ఏడయ్యాక మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఓ చుట్టు తిరిగి ఎక్కడ జనం బారులు తీరారో చూస్తే సంగతి తెలిసిపోతుంది. పప్పూ నెయ్యీ దగ్గర, రాగి సంగటి దగ్గర, చేపల పులుసు దగ్గర, దమ్ బిర్యానీ దగ్గర! ఉద్యోగం ఏ దేశపు కంపెనీదైనా ఆకలి మాత్రం సొంత జిల్లాదే.

పాతికేళ్ల పైమాట. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. చుట్టూ రాతి గుట్టలు, పక్కన శిల్పారామం, ఇటు మాదాపూర్ అనే పల్లె, అటు కొండాపూర్ అనే మరో పల్లె. కొత్తల్లో ఉద్యోగులు చాలామంది అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్ల నుంచి వచ్చేవాళ్లు. రాత్రి తిరిగి వెళ్తూ దారిలో కర్రీ పాయింట్ దగ్గర ఆగి పావుకిలో పప్పు, ఓ వేపుడు పొట్లం కట్టించుకుని, గదిలో కుక్కర్ పెట్టుకుంటే అదే విందు. 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. గచ్చిబౌలి వైపు పెద్ద పెద్ద క్యాంపస్‌లు లేచాయి. 2019లో మెట్రో రాయదుర్గం దాకా చేరింది. ఉద్యోగం ఉన్నచోటే ఇల్లు, ఇల్లున్న చోటే హోటలు! కుర్రకారు పెళ్లిళ్లు చేసుకున్నారు, అమ్మానాన్నలు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. శనివారం సాయంత్రం బయట తినడం అన్నది అలా ఓ ఇంటి ఆచారమైంది.

జిల్లాకో ముద్ద

ఇక్కడి బోర్డులు చదువుకుంటూ పోతే చిన్నప్పటి భూగోళం పాఠం గుర్తొస్తుంది. కాకినాడలో పేరు తెచ్చుకున్న సుబ్బయ్య గారి హోటల్ కొండాపూర్‌కూ వచ్చింది. అక్కడ అరిటాకు పరిచాక తినడం మనిష్టం కానీ, ఆపడం మనిష్టం కాదు. పొడి, నెయ్యి, పప్పు, వేపుడు, పులుసుకూర, పచ్చళ్లు, స్వీటు... ఆకులో ఖాళీ కనపడితే చాలు, గరిటె దిగుతుంది. ఆ హోటల్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది బుట్ట భోజనం. ఊరంతా ప్లాస్టిక్ డబ్బాల్లో పార్సిల్ ఇచ్చే కాలంలో ఇంటిల్లిపాదికీ సరిపడా వంటకాలు బుట్టలో సర్ది ఇవ్వడం ఎంత ముచ్చటైన ఆలోచన!

గోదావరి వాళ్లకు ఆకు ఎలాగో రాయలసీమ వాళ్లకు ముద్ద అలా. రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టే హోటళ్లు ఈ చుట్టుపక్కల అడుగడుగునా కనిపిస్తాయి. పక్క బల్ల మీద ఎవరు కడప వాళ్లో, ఎవరు కొత్తవాళ్లో తినే తీరు చూసి చెప్పేయొచ్చు. తెలిసినవాళ్లు సంగటిని చిన్న ఉండ చేసి, బొటనవేలితో నొక్కి గుంట చేసి, అందులో పులుసు నింపి గుటుక్కున మింగుతారు. తెలియని వాళ్లు నములుతారు. నమిలారా... పళ్లకు అంటుకుని అరగంట మాట్లాడలేరు. చెంచాతో తినేవాళ్లనూ ఇక్కడ చూడొచ్చు. వాళ్లను క్షమించెయ్యాలి.

నెల్లూరు చేపల పులుసుది మరో కథ. మామిడికాయ ముక్కలు వేసి వండిన ఆ పులుసు, రాత్రంతా ఊరి మర్నాడు తింటేనే దాని అసలు రుచి బయటపడుతుందని నెల్లూరు ఇళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. హోటలు వాడికి అంత ఓపికెక్కడిది? అందుకే నెల్లూరు వాళ్లు ఎంత పేరున్న చోట తిన్నా, చివర్లో "బాగానే ఉంది కానీ..." అనకుండా లేవరు.

ఇంత చెప్పుకున్నాక ఓ మాట ఒప్పుకోవాలి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి... ఇవన్నీ రంగారెడ్డి జిల్లా పల్లెలు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, తలకాయ కూర ఈ నేలవే. చాలా ఏళ్లపాటు ఇక్కడి బోర్డుల మీద 'ఆంధ్రా మీల్స్' అన్న మాటే పెద్దక్షరాల్లో కనిపించేది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఈ వంటలు కూడా ధీమాగా మెనూ కార్డుల్లోకి నడిచొచ్చాయి. ఆలస్యమైనా మంచిదే. ఎండాకాలంలో ఉల్లిపాయ నలిపి వేసిన చల్లటి పచ్చిపులుసుతో అన్నం తిన్నవాళ్లు మళ్లీ సాంబారు అడగరు.

బిర్యానీ గురించి కొత్తగా చెప్పేదేముంది! 1953లో సికింద్రాబాద్‌లో ఓ సినిమా హాలు దగ్గర చిన్న క్యాంటీన్‌గా మొదలైన ప్యారడైజ్ ఇక్కడికీ వచ్చింది. పాతబస్తీ పేరు మోసుకుంటూ షా గౌస్ గచ్చిబౌలికి వచ్చింది. రంజాన్ నెలలో హలీమ్ బట్టీల ముందు నిలబడేవాళ్లలో ఉపవాసం ఉన్నవాళ్లెందరో, లాగిన్ నుంచి లాగౌట్ దాకా ఆ గిన్నె కోసమే కాచుకున్నవాళ్లూ అందరే.

వజ్రం ఎదుట అన్నం బండి

దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. ఇప్పుడు దాని మీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన, గట్టు చుట్టూ దీపాలు. ఆ చెరువు పక్కనే 2018లో ఐటీసీ కోహినూర్ అనే నక్షత్రాల హోటల్ వెలిసింది. వజ్రం పేరు పెట్టుకున్న ఆ మేడకు దగ్గర్లోనే రోడ్డు పక్కన ఓ మామూలు అన్నం బండి. దాని పేరు మాత్రం ఆ హోటల్ పేరు కంటే ఎక్కువ ఇళ్లకు చేరింది. అదే కుమారి ఆంటీ బండి.

పెద్ద పెద్ద గిన్నెల్లో తెల్లన్నం, చికెన్, మటన్, లివర్ కూరలు... మధ్యాహ్నం అయ్యేసరికి ఐడీ కార్డుల వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు ఒకే వరసలో. ఫోన్లలో ఆమె వీడియోలు తిరిగి తిరిగి, దూరాల నుంచి జనం రావడం మొదలైంది. రోడ్డు మీద వాహనాలు ఆగిపోయాయి. 2024 జనవరిలో ట్రాఫిక్‌కు ఇబ్బందంటూ పోలీసులు బండి పెట్టనివ్వలేదు. వార్త గుప్పుమంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమెను అక్కడే వ్యాపారం చేసుకోనివ్వాలని ఆదేశించారు. బండి మళ్లీ వచ్చింది.

బాగానే ఉంది. మరి ఏ వీడియోలోనూ కనపడని బండ్ల సంగతి? ఇడ్లీ బండి, మిర్చి బజ్జీ బండి, ఎగ్ ఫ్రైడ్ రైస్ బండి... రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ, ట్రాఫిక్ డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ నాలుగడుగులు వెనక్కి, మర్నాడు రెండడుగులు ముందుకు. వాళ్ల కోసం 2014లో పార్లమెంటు ఓ చట్టమే చేసింది. సర్వే చేయాలి, గుర్తింపు ఇవ్వాలి, అమ్ముకునే చోటు కేటాయించాలి అని అందులో ఉంది. ఈ కారిడార్‌లో ఫ్లైఓవర్లకు ప్లానులు గీశారు, పార్కింగుకు గీశారు. ఇన్ని వేల మంది మధ్యాహ్నం ఎక్కడ తింటారన్నది మాత్రం ఎవరి ప్లానులోనూ లేనట్టుంది. ఆ లోటు పూడ్చింది ఈ బండ్లే. గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఎదుటి వీధి చూడండి. రాత్రి షిఫ్టులో అమెరికా వాళ్ల గడియారంతో పనిచేసేవాళ్లకు అర్ధరాత్రి మ్యాగీ, ఆమ్లెట్, టీ ఇస్తున్నది ఆ దుకాణాలే.

ఆ వాడుక తెగిపోతే ఏమవుతుందో 2020లో అందరూ చూశారు. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఉద్యోగులు ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు భీమవరంలో, అనంతపురంలో అమ్మ చేతి అన్నం తింటూ పనిచేశారు. ఇక్కడ మెస్‌లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు ఖాళీ అయిపోయాయి. హోటళ్లు తెరవొచ్చని తర్వాత అనుమతి వచ్చినా, తినేవాళ్లుంటేగా! ఆఫీసులు మళ్లీ నిండేసరికి 2022 దాటింది. కొన్ని షట్టర్లు తెరుచుకున్నాయి. కొన్నిటి మీద బోర్డులే మారిపోయాయి.

వైన్ లేని వైన్స్

పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఓ తికమక ఎదురవుతుంది. వీధి వీధికీ 'వైన్స్' అని బోర్డులు. 'ఆహా, ఏం నాగరికత' అనుకుని లోపలికి తొంగిచూస్తే బీరు, విస్కీ, బ్రాందీ. వైన్ అడిగితే దుకాణదారు పై అరలో దుమ్ము దులిపి ఓ సీసా వెతికిస్తాడు! తెలుగులో 'వైన్స్' అంటే మందు దుకాణమే, ద్రాక్షతో దానికి పనిలేదు.

అసలు సిసలు వైన్ గ్లాసుల్లో పోసే చోట్లు మాదాపూర్, జూబ్లీహిల్స్ కొండల మీద, చెరువు కనిపించే మేడల మీద ఉన్నాయి. చిన్న దీపాలు, చెట్ల కింద బల్లలు, మెల్లగా వినిపించే పాట. తెలంగాణ వచ్చాక అక్కడికక్కడే బీరు కాచే మైక్రోబ్రూవరీలకూ అనుమతి ఇచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1995 నుంచి రెండేళ్లు సంపూర్ణ మద్యనిషేధం చూసిన నేల ఇది. ఆ నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే సైబర్ టవర్స్ తెరిచారు. ఊరి నుంచి వచ్చిన తల్లులు ఇప్పటికీ 'బార్ అండ్ రెస్టారెంట్' బోర్డు చూడగానే కొంగు సర్దుకుని ముందుకు నడిచేస్తారంటే, ఆ నడక వెనక అంత చరిత్ర ఉంది.

ఇంకో చిత్రం. ఇక్కడ గ్లాసులో పోసే మన దేశపు వైన్‌లో ఎక్కువ భాగం నాసిక్ నుంచి వస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్ ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీ. లేత ఆకుపచ్చ రంగులో, వేలెడు పొడవున, నోట్లో వేసుకుంటే రసం. నగరం చుట్టూ ఆ తోటలుండేవి. నగరం పెరిగింది, తోటలు ప్లాట్లయ్యాయి. గ్లాసు పట్టుకున్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. బయట శుక్ర, శనివారాల్లో ఊదమనే గొట్టాలతో పోలీసులు నిలబడి ఉంటారన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. క్యాబ్‌లో వచ్చినవాళ్లే ప్రశాంతంగా తాగుతారు.

కొండాపూర్ హోటల్లో ఎట్టకేలకు ఆ కుటుంబం టోకెన్ నంబరు పిలిచారు. ఆకులు పరిచారు. కందిపొడి, నెయ్యి, పనసపొట్టు కూర. తల్లి మొదటి ముద్ద తిని, "ఆవ కాస్త తగ్గింది" అంది. అంటే బాగుందని అర్థం. పెద్దాయన మాట్లాడకుండా తిన్నారు. మజ్జిగ దాకా వచ్చాక, జేబులోంచి డబ్బు తీయబోయేలోగా కొడుకు ఫోన్‌తో బల్ల మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేశాడు. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "నేనిచ్చేవాణ్ని కదరా" అన్నారు, కొంచెం నొచ్చుకుంటూ.

నెయ్యి వడ్డించిన కుర్రాడు ఆకులు తీయడానికి వచ్చాడు. తెలుగు కొంచెం యాసగా ఉంది.

"ఏ ఊరు బాబూ?"

"ఒడిశా సార్. గంజాం జిల్లా."

"బరంపురం వైపా? అది మాకు పక్కూరే!" పెద్దాయన మొహం వెలిగిపోయింది. "మా ఇంట్లో పెళ్లి బట్టలన్నీ అక్కడే కొనేవాళ్లం. నువ్వు తిన్నావా మరి?"

"ఒంటిగంటకు సార్. అందరూ అయ్యాక."

ఆయన జేబులోంచి చెయ్యి బయటికి తీసి, మడతపెట్టిన నోటు ఆ కుర్రాడి అరచేతిలో పెట్టారు. బయట కుర్చీల్లో తర్వాతి నంబరు వాళ్లు అప్పటికే లేచి నిలబడ్డారు.