రంగసముద్రం గట్టున రేడియో అన్నయ్య

మీరెప్పుడైనా శ్రీరంగాపురం వెళ్ళారా? హైదరాబాదు నుంచి కర్నూలు పోయే రహదారి మీద పెబ్బేరులో దిగితే, అక్కడికి సుమారు పది కిలోమీటర్లు. కాగితాల మీద శ్రీరంగాపూర్ అని రాస్తారు గాని, పెద్దల నోట అది శ్రీరంగాపురమే. వనపర్తి జిల్లా ఏర్పడిన 2016లోనే ఈ ఊరు మండల కేంద్రమైంది.

చెరువు పేరు రంగసముద్రం. చెరువుకు అంత పేరెందుకని గట్టెక్కేదాకా అనిపిస్తుంది, ఎక్కాక అనిపించదు. నీటి అంచున రంగనాయకస్వామి ఆలయం, దానికి ఎత్తయిన గోపురం. పద్దెనిమిదో శతాబ్దంలో వనపర్తి ప్రభువులు కట్టించారు. శ్రీరంగం సేవించి వచ్చిన రాజుకు తన సీమలోనూ ఒక శ్రీరంగం ఉండాలనిపించిందట. దూరాన ఉన్న స్వామిని తలచుకుని నిట్టూర్చే బదులు ఇంటికే తెచ్చుకున్నాడన్నమాట! నాకీ పూనిక బాగా నచ్చింది.

నచ్చడానికి కారణం నా చేతిసంచీలో ఉంది. మద్రాసులో పుట్టిన ‘బాల’ పత్రిక పాత సంచిక ఒకటి వెంట తెచ్చుకున్నాను. రేడియో అన్నయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 1945లో దాన్ని ప్రారంభించారు. ముళ్లపూడి వెంకటరమణ, బాపు పిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ళ తొలి రచన, తొలి బొమ్మలు అచ్చయింది అందులోనే. 1959లో పత్రిక ఆగిపోయింది. కాని దానికన్నా ముందే, 1940లో, ఆ దంపతులు నెలకొల్పిన ఆంధ్ర బాలానంద సంఘం మాత్రం ఆగలేదు. 1956 తరువాత వారితోపాటు హైదరాబాదు చేరింది. అన్నయ్యగారు 1984లో కన్నుమూశాక కూడా పిల్లల ఆటపాటలతో నడుస్తూనే ఉంది.

రచయిత పోయాక ఆయన కళ్ళజోడూ కలమూ అద్దాల బీరువాలో పెట్టి, ఏటా ఒక దండ వేసే సంస్థలు మనకు కొదవలేదు. ఆ దండలు వద్దనను. పిల్లల రచయితకు మాత్రం అవి చాలవు. వినే పిల్లలు లేకపోతే ఆయన లేనట్టే. వనపర్తి రాజప్రాసాదమే చూడండి: సంస్థానం పోయింది, 1959 నుంచి అక్కడ పాలిటెక్నిక్ నడుస్తోంది. కుర్రవాళ్ళ సందడి ఉన్నది కాబట్టే ఆ గోడల మీద నాకు దిగులు కలగలేదు.

ఆదివారం కావడంతో గుడి మెట్ల మీద పదిమంది పిల్లలు చేరారు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళే ఎక్కువ. పత్రిక తెరిచి బొమ్మలు చూపించి, ఒక కథ నా మాటల్లో చెప్పసాగాను. మధ్యలో ‘బొబ్బట్లు’ అన్నాను. ఒకడు మొహం వేలాడేశాడు.

“బొబ్బట్లంటే ఏంది సారూ?”

పక్కనున్న పిల్ల వాడి డొక్కలో పొడిచింది. “బచ్చాలురా!”

అంతే, కథంతా బచ్చాలతోనే నడిచింది. మద్రాసు మాట పాలమూరు మాటగా మారినందుకు అన్నయ్యగారు కోపగించుకునేవారని నేననుకోను. పిల్లల చేతనే రాయించి, పాడించి, మైకు ముందు నిలబెట్టిన మనిషి ఆయన.

కథ అయ్యాక ఆ పిల్లే అడిగింది: “ఆ అన్నయ్య ఇంకా రేడియోల మాట్లాడ్తడా?”

లేరని చెప్పాను. కాసేపు చెరువు వంక చూసింది.

“మరి ఆయన సంఘం?”

“ఉందమ్మా, హైదరాబాదులో.”

“మేం పోవచ్చా?”

నూట యాభై కిలోమీటర్ల దూరం. ఏడేళ్ళ పిల్లకు బస్సు టిక్కెట్టు ఎవరు కొంటారు, ఎవరు వెంట వెళతారు? నేను తటపటాయిస్తుంటే బచ్చాల పిల్లవాడు పత్రిక నా చేతిలోంచి తీసుకుని, పై మెట్టెక్కి కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదటి పుట చదవడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళు వాడి చుట్టూ మూగారు. పెబ్బేరు ఆటో రెండుసార్లు హారను కొట్టింది. సంచిక అక్కడే వదిలి దిగాను.