తల్లి ఎలుగు తరిగిపోతోంది!

కనుచూపు మేరంతా నీళ్లే. అవతలి ఒడ్డు కనిపించదు. కెరటాలు విరిగిపడుతుంటాయి, గాలి చెవుల్లో హోరుమంటుంది. సముద్రమే అనుకుని దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంటే... చుక్క ఉప్పుండదు! అది అమెరికాలోని మిషిగన్ సరస్సు. పొడవు 307 మైళ్లు, వెడల్పు 118 మైళ్లు. దాని తూర్పు ఒడ్డున, నీళ్లమీదికి ఒరిగినట్టు ఇసుక కొండలు. వాటి పేరు స్లీపింగ్ బేర్ డ్యూన్స్. అంటే నిద్రపోతున్న ఎలుగుబంటి తిన్నెలన్నమాట.

డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు వేసవిలో ఇది కారేసుకుని వెళ్లొచ్చే చోటు. నాలుగైదు గంటల ప్రయాణం. ట్రాయ్‌లో ఉండే ఓ కుటుంబం ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా ఎక్కించుకుని తెల్లవారుజామునే బయలుదేరింది. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, రెండు చాపలు. పెద్దవాళ్లది చీరాల. ‘పుట్టి పెరిగిందే ఇసకలో. మళ్లీ ఇసక చూడటానికి ఇంత దూరమా?’ అని పెద్దాయన దారంతా సణుగుతూనే ఉన్నారు. గ్రేలింగ్ దగ్గర హైవే దిగి పడమరగా ఎం-72 రోడ్డు పట్టుకుంటే, అది ట్రావర్స్ సిటీ మీదుగా తిన్నగా ఎంపైర్ అనే చిన్న ఊరికి చేరుస్తుంది. ట్రావర్స్ సిటీ చుట్టూ చెర్రీ తోటలే. జులైలో వెళ్తే రోడ్డు పక్కన బుట్టలతో అమ్ముతుంటారు.

ఇంతకీ ఎలుగుబంటి పేరెందుకు వచ్చిందో కారులోనే కోడలు చెప్పింది. ఈ ప్రాంతపు ఆదివాసులు అనిషినాబే ప్రజలు చెప్పుకునే కథ అది. ఒకప్పుడు అవతలి ఒడ్డున విస్కాన్సిన్‌లో అడవి అంటుకుంది. ఓ తల్లి ఎలుగు తన రెండు పిల్లలతో నీళ్లలోకి దూకింది. ఈది ఈది ఒడ్డుకి చేరి, మిట్ట ఎక్కి వెనక్కి చూసింది. పిల్లలు రాలేదు. ఒడ్డు కనిపించేంత దగ్గరకొచ్చి మునిగిపోయాయి. తల్లి అక్కడే ఉండిపోయింది. మునిగిన పిల్లలే నార్త్ మానిటూ, సౌత్ మానిటూ అనే రెండు దీవులయ్యాయి. తల్లిని ఇసుక కప్పేసింది.

‘పిల్లలు మునిగిపోతే తల్లికి నిద్దరెలా పడుతుందే అమ్మాయ్? ఎదురుచూస్తోందను’ అంది అత్తగారు. పేరు పెట్టినవాళ్ల కంటే ఆవిడకే కథ బాగా అర్థమైనట్టుంది!

గాలి కట్టిన కొండలు

ఈ కొండలకు పునాది వేసింది మంచు. వేల ఏళ్ల కిందట ఇక్కడ పరచుకున్న హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గుతూ మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ ఇసకా గుట్టలుగా వదిలేశాయి. పడమటి గాలి ఆ ఇసకను ఎత్తి గుట్టల నెత్తిన పోసింది. పోస్తూనే ఉంది. అడ్డొచ్చిన చెట్లను ఇసుక నిలువునా పూడ్చేస్తుంది. కొన్నేళ్లకు అదే గాలి ఇసకను తోసేస్తే ఎండిన మోళ్లు బయటపడతాయి. వాటిని అక్కడ దెయ్యాల అడవులంటారు. స్లీపింగ్ బేర్ పాయింట్‌లో ఓడ ప్రమాదాల నుంచి జనాన్ని కాపాడేందుకు 1901లో కట్టిన స్టేషన్ మీదికీ ఇసుక వచ్చేసింది. దాంతో 1931లో కట్టడాలనే గ్లెన్ హేవెన్ ఊరివైపు జరిపారు. ఇప్పుడది మ్యూజియం.

పోసిన గాలే తల్లి ఎలుగును తినేస్తోంది. చెట్టూచేమతో నల్లగా, దూరం నుంచి పడుకున్న ఎలుగులా కనిపించిన ఆ తిన్నె ఒకప్పుడు సుమారు 234 అడుగుల ఎత్తుండేది. 1961 నాటికి 132 అడుగులు. 1980 నాటికి 103. కింద అలలు పునాదిని కోస్తుంటే, పైన గాలి ఇసకను ఎగరేసుకుపోతోంది. ఇప్పుడు చూస్తే ఎలుగు ఆకారం పోల్చుకోవడం కష్టమే. 1970లో ఈ తీరాన్ని జాతీయ సరస్సు తీరంగా ప్రకటించి రక్షణ కల్పించారు. కానీ గాలికి కంచె వేయలేరుగా!

ఎక్కితే సరస్సు కనపడదు

పిల్లలకు ముందు డ్యూన్ క్లైంబ్‌కే వెళ్లాలి. కారు దిగగానే ఎదురుగా గోడలా ఇసుక కొండ. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది. పైకెక్కితే సరస్సు కనిపిస్తుందని అందరూ ఆయాసపడుతూ వెళ్తారు. తీరా చూస్తే ఇంకో తిన్నె! దాని వెనక మరోటి. మిషిగన్ సరస్సుదాకా వెళ్లి రావాలంటే మూడున్నర మైళ్లు. ఇసకలో అది మూడు నాలుగు గంటల పని. సగం మంది అక్కడే కూలబడి వెనక్కి తిరుగుతారు. అదీ నష్టమేం కాదు, వెనకవైపు గ్లెన్ లేక్ నీలంగా మెరుస్తుంటుంది. దారంతా సణిగిన పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని మనవరాలి కంటే ముందే ఎక్కేశారు. ఇసకలో మడమ కాదు, వేళ్లు దించి నడవాలట. చీరాల చదువు!

భయపడాల్సిన చోటు వేరే ఉంది. పియర్స్ స్టాకింగ్ అనే కలప వ్యాపారి ఈ అందాలు జనానికి చూపించాలని 1960ల్లో వేయించిన రోడ్డు 7.4 మైళ్లు చుట్టి వస్తుంది. మధ్యలో లేక్ మిషిగన్ ఓవర్‌లుక్. అక్కడి నుంచి సరస్సు 450 అడుగుల కింద. నిట్టనిలువు ఇసుక. దిగడం నిమిషాల్లో అయిపోతుంది. ఎక్కడానికే గంటా, రెండు గంటలూ. చేతులూ కాళ్లూ ఆనించి పాకుతూ వచ్చేవాళ్లు పైనుంచి చీమల్లా కనిపిస్తారు. కిందికి దిగొద్దని హెచ్చరిక బోర్డులున్నాయి. ఎక్కలేక చిక్కుకుంటే పైకి తేవడానికి సిబ్బంది రావాలి. అయినా పద్నాలుగేళ్ల మనవడు షూ విప్పేశాడు. తండ్రి వద్దనలేదు. పైగా తనూ లేస్ విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు నానమ్మ మనవడి చొక్కా వెనక నుంచి పట్టుకుంది. ‘కథ విన్నావుగా నాన్నా... వెళ్లు’ అంది, చొక్కా మాత్రం వదలకుండా. తండ్రీకొడుకులిద్దరూ షూ తొడుక్కున్నారు. ఉత్తరాన దీవులు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు ముక్కలు. మే నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. స్టాకింగ్ రోడ్డును చలికాలంలో కార్లకు మూసేస్తారు. వాహనానికి ప్రవేశ రుసుము ఒకసారి కడితే ఏడు రోజులు చెల్లుతుంది. మంచినీళ్లు, టోపీ, కళ్లజోడు తప్పనిసరి. ఎండ ముదిరితే ఇసుక పెనంలా కాలుతుంది, చెప్పులు దగ్గరుంచుకోవాలి. జూన్ నెలాఖర్లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు గానీ అస్తమించడు కాబట్టి హడావుడి అక్కర్లేదు. భోజనం మాత్రం కార్లోనే కానివ్వండి. ట్రాయ్ కుటుంబం చాప పరిచింది, గాలి పులిహోరలో పిడికెడు ఇసుక పోసింది.