బాలానగర్‌లో గాలి తీసేసే పెట్టెలు

హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, బాలానగర్ స్టేషన్‌లో దిగండి. అక్కణ్నుంచి ఆటోలో నర్సాపూర్ చౌరస్తా వైపు వెళ్తుంటే గాలి వాసనే మారిపోతుంది. కటింగ్ ఆయిల్, కాలిన ఇనుము, మధ్యమధ్యలో ఇరానీ చాయ్. 2021లో ఫ్లైఓవర్ వచ్చాక జనం ఈ ఏరియా మీంచి వెళ్లిపోతున్నారు గానీ కిందికి దిగడం లేదు. దిగితే గల్లీకో లేత్ మిషన్, షెడ్డుకో వెల్డింగ్ మెరుపు. హెచ్‌ఏఎల్, ఒకప్పటి ఐడీపీఎల్, 1968లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ... ఇలాంటి పెద్దవాటి చుట్టుపక్కలే ఈ చిన్న షెడ్లన్నీ.

నేను వెళ్లింది అలాంటి ఓ షెడ్డుకే. అక్కడ వాక్యూమ్ చాంబర్లు చేస్తారు. లోపలి గాలి లాగేసి, ఆ ఖాళీలో వస్తువుల్ని పరీక్షించే స్టీలు పెట్టెలన్నమాట. వాటి పంపులు, వాల్వులు నడిపే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. మూడు వారాలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నా.

ఇవి షాపులో రెడీమేడ్‌గా దొరికేవి కావు. కొలతలిచ్చి కుట్టించుకునే బ్లౌజు లాంటివి. ఆ నెలలో షెడ్డులో రెండు తయారవుతున్నాయి. ఒకటి బ్యాటరీల టెస్టింగ్‌కి చతురస్రపు పెట్టె. ఇంకోటి ఉపగ్రహంలో పెట్టే ఎలక్ట్రానిక్స్ కోసం గుండ్రటి డ్రమ్ము.

బ్యాటరీలకీ ఖాళీకీ ఏంటి సంబంధం అంటారా? మీ చేతిలో ఫోన్ ఉంది కదా. అందులోని లిథియం బ్యాటరీ మోడల్ విమానం ఎక్కాలంటే ఐక్యరాజ్యసమితి పెట్టిన పరీక్షలు పాసవ్వాలి. వాటిలో మొదటిదే ఇది. శాంపిల్ బ్యాటరీల్ని 11.6 కిలోపాస్కల్స్ పీడనంలో కనీసం 6 గంటలు ఉంచుతారు. దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో గాలి అంత పల్చగా ఉంటుంది. బ్యాటరీ కారకూడదు, పగలకూడదు, అంటుకోకూడదు. వోల్టేజీ ముందున్న దాంట్లో 90 శాతానికి తగ్గకూడదు.

గాలి తీయడం పెద్ద పనేం కాదు, పంపు ఉంటే చాలు. అసలు కష్టం బయట మిగిలిన గాలితో. అది చదరపు మీటరుకి సుమారు 10 టన్నుల బలంతో నొక్కుతుంది. ఓ రెండు పెద్ద ఏనుగులనుకోండి. మామూలప్పుడు లోపలి గాలి కూడా అంతే బలంగా తోస్తుంది కాబట్టి మనకు తెలీదు. లోపల ఖాళీ చేయగానే బయటి ఏనుగులే మిగులుతాయి. గుండ్రటి డ్రమ్మయితే ఆ బరువును చుట్టూ పంచుకుంటుంది. చతురస్రపు పెట్టె గోడ మాత్రం మధ్యలో సొట్టపడాలని చూస్తుంది. అందుకే దానికి మందం ప్లేటు, వెనక అడ్డపట్టీలు. తలుపుకి గడియతో పెద్దగా పనే లేదు. పంపు మొదలైందంటే గాలే దాన్ని నొక్కి పట్టుకుంటుంది.

రెండో వారంలో డ్రమ్ము దగ్గర గొడవైంది. ఫ్లాంజ్ జాయింటుని లోపలా బయటా నిండుగా వెల్డ్ చేయమని కస్టమర్ పంపిన డ్రాయింగ్‌లో ఉంది. చూడ్డానికి బలంగానే అనిపిస్తుంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. “రెండు దిక్కుల మూస్తె మధ్యల గాలి ఇరుక్కుంటది తమ్మీ. లోపలి వెల్డుల సూదంత రంధ్రమున్నా నెలలకొద్ది కారుతనే ఉంటది. బయట ఎంత వెతికినా దొరకది.” లోపల నిండుగా, బయట ముక్కలు ముక్కలుగా వెయ్యాలని ఆయన పట్టు. ఇంజినీర్లు దీన్నే వర్చువల్ లీక్ అంటారు. లోపల వాడే స్క్రూలకు నిలువునా సన్నటి రంధ్రం పెట్టేది కూడా ఇందుకే. డ్రాయింగ్ మారేదాకా ఆయన టార్చి ముట్టుకోలేదు. రెండు రోజులు పోయాయి. లేటయితే బిల్లులో కోత పడుతుందని ఓనరు షెడ్డంతా తిరుగుతూనే ఉన్నాడు.

లోపల వెల్డింగ్ అంటే మనిషి డ్రమ్ములోకి దూరాల్సిందే. టిగ్ వెల్డింగ్‌లో వేడెక్కిన లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ వదులుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, పైగా గాలి కంటే బరువు. డ్రమ్ము అడుగున నిండుతూ ఆక్సిజన్‌ని బయటికి తోసేస్తుంది. తేడా తెలిసేలోపే స్పృహ పోవచ్చు. అందుకని బ్లోయర్ పైపు, మేస్త్రీ కాలర్‌కి చిన్న ఆక్సిజన్ మీటరు, నడుముకి తాడు. తాడు రెండో కొస పట్టుకుని తలుపు దగ్గర ఓ హెల్పరు. వాడి పనల్లా మాట్లాడుతూ ఉండటమే.

“అన్నా, ఏం కూర?”

“గోంగూర.”

ఐదు నిమిషాలాగి మళ్లీ, “అన్నా, ఏం కూర?”

ఓ మధ్యాహ్నం జవాబు రాలేదు. రెండోసారి అడగలేదు వాడు, తాడు లాగేశాడు. లోపల్నుంచి “వెల్డు మధ్యల ఉన్నరా!” అంటూ తిట్లు. మేస్త్రీ క్షేమంగానే ఉన్నాడు, వెల్డు మాత్రం వంకర పోయింది. గ్రైండింగ్ పట్టి మళ్లీ వేశారు. అయినా హెల్పరుని ఎవరూ ఏమీ అనలేదు. మీటరు లేకుండా, బయట మనిషి లేకుండా ఈ పని చేయించే షెడ్డు ఏదైనా ఉంటే, దాన్ని మూయించాలని నా అభిప్రాయం.

చివర్లో హీలియం పరీక్ష. డ్రమ్ములో గాలి తీసి, బయట జాయింట్ల మీద సన్నగా హీలియం వదులుతారు. అది తేలిక, పైకి పోతుంది కాబట్టి పైనుంచి మొదలుపెట్టి కిందికి వస్తారు. ఎక్కడైనా లోపలికి దూరితే డిటెక్టర్ పట్టేస్తుంది. మేం చేరాల్సిన అంకె ఎంత చిన్నదంటే, ఆ వేగంతో ఒక్క సీసీ గాలి లోపలికి కారడానికి 30 ఏళ్లకు పైగా పడుతుంది. అంటే నా వయసు కంటే ఎక్కువ.

మూడో ఫ్లాంజ్ దగ్గర అంకె ఎగిరింది. అందరి చూపూ మేస్త్రీ వెల్డు మీదికే. ఆయనేం మాట్లాడలేదు, బోల్టులు విప్పించాడు. ఓ-రింగ్ మీద అడ్డంగా ఓ వెంట్రుక! తుడిచి బిగించారు. రాత్రి 11 గంటలకు పాస్. వెంట్రుక ఎవరిదన్న చర్చ ఇంకా నడుస్తోంది. మేస్త్రీది మాత్రం కాదు, ఆయనకు బట్టతల.

మీకూ చూడాలనిపిస్తే ఆదివారం వెళ్లకండి, షట్టర్లు చాలావరకు దించే ఉంటాయి. అడిగే లోపలికి వెళ్లండి. వెల్డింగ్ వెలుగుని నేరుగా చూడొద్దు. ఎవరైనా డ్రమ్ములోకి తొంగి చూస్తూ “ఏం కూర?” అని అడుగుతుంటే మాత్రం, దయచేసి వాళ్లని మాటల్లో పెట్టకండి.