మంచువాలుమీద ఒక పగలు

మంచుమీద జారుటకై కాళ్ళకు కట్టుకొను సన్నని పొడవు పలకలను స్కీలందురు. బొమ్మలలో మాత్రమే చూచిన మన సోదరీమణులకు ఈ యాట యనగా కొండకొననుండి క్రిందికి దూసుకొనివచ్చుటయే యని తోచును. తీగకు వ్రేలాడు తొట్లలో కూర్చుండి పైకిపోయి జారివచ్చువారే పెక్కుమంది. గుల్మార్గులో అట్టి తొట్లు 1998లో కొంగ్‌డోరి వఱకును, 2005లో అఫర్వతు కొండ భుజము వఱకును వేసిరి. వాని నాశ్రయింపక తమ కాళ్ళతోనే మంచుకొండ నెక్కి పిదప జారివచ్చుట వేఱొక పద్ధతి. దీనికి స్కీ టూరింగని పేరు. 2025 మార్చినెలలో మేము ఒక పగలు చేసినది ఈ రెండవది. ఇందు పదింట తొమ్మిదిపాళ్ళు ఎక్కుటయే. జారుట వచ్చినట్లే వచ్చి పోవు చుట్టము.

మా దేవరుప్పులలో మంచనగా మార్గశిరమాసపు తెల్లవాఱుజామున పొలములమీద పొగవలె కనబడునదే. అట్టి యూరినుండి నలుగురు స్త్రీలము కాశ్మీరమునకు ఏల పోయితిమనిన, అది మా అత్తగారి కోరిక. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల పదునొకండు నెలల ప్రాయమున, ఎవరెస్టు శిఖరము నెక్కెను. ఆ పిల్ల మొదట బండలెక్క నేర్చినది మన భువనగిరి కోటబండమీద. జనగామలో రైలెక్కి పట్టణమునకు పోవునపుడెల్ల ఆ బండ కిటికీలో కనబడును. అత్తగారు దానిని చూచినపుడెల్ల ఈ సంగతి యెత్తక మానరు. ఆమెకు ఏబదియెనిమిదేండ్లు. ముసలితనమున ఆమెను మంచుకొండకు ఈడ్చుకొనిపోవుచున్నారని ఊరివారు మమ్మాడిపోసిరి గాని, నిజమునకు మమ్ములను ఈడ్చుకొనిపోయినది ఆమెయే. తక్కిన ముగ్గురము ఇద్దరు కోడండ్రమును, మా ఆడుబిడ్డయు. తోడికోడలిని మావైపు యారాలందురు. ఇకముందు ఆ మాటనే వాడెదము.

స్త్రీలకు ఈ యాట యేమిటని నొసలు ముడుచువారు ఒక సంగతి తెలిసికొనవలెను. 1988లో కెనడాదేశపు కాల్గరీ పట్టణమున జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో శైలజా కుమార్ స్కీలమీద పోటీచేసెను. ఆ పోటీలకు పోయిన భారతస్త్రీలలో మొదటిది ఆమెయే. చీరతో ఈ పని జరుగదన్న మాట మాత్రము నిజము. నీరుపట్టని లాగులు తొడుగవలసివచ్చినది. అత్తగారు మొదటి దినమున గదిలోనుండి బయటికి వచ్చుటకు అరగంట పట్టెను. రెండవ దినమున ఆ లాగు జేబులు లెక్కపెట్టి, చీరకు ఇవి యేల లేవని అడిగెను.

ఆ యేడు మంచు ఆలస్యముగా వచ్చెను. ఫిబ్రవరి 22న మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతకాలపు ఆటలు మంచు చాలక వాయిదాపడి, మార్చి 9 నుండి 12 వఱకు జరిగెను. మేము పోయినది వానికి కొంచెము వెనుక, హోళి పండుగ ముగిసిన పిమ్మట. ఆఱుదినములు క్రింది మైదానములో నేర్చుకొంటిమి. పడుటకు కష్టమేమియు లేదు. రెండు పలకలును చెఱియొక వైపు తిరిగియుండగా లేచుటయే కష్టము. ఏడవ దినమున మార్గదర్శి మమ్ములను ఖిలన్‌మార్గు బయలునకు తీసికొనిపోవుట కొప్పుకొనెను.

ఆయన తంగ్‌మర్గు ఊరివాడు. మాతో ఉర్దూలో మాటాడెను. 1948 వఱకు నైజాము రాజ్యములో నుండిన మా ప్రాంతపు తెనుగులో ఉర్దూ నుడులు కలిసియున్నందున మాకు చిక్కు కలుగలేదు. మమ్మందఱను 'దీదీ' యనియు, అత్తగారిని 'అమ్మాజీ' యనియు పిలిచెను. తెల్లవాఱి ఆఱింటికి, ఇంకను చీకటి యుండగనే, ఒక్కొక్కరికి మూడు వస్తువు లిచ్చెను: రొమ్మున కట్టుకొను ట్రాన్సీవరను చిన్న యంత్రము, మడతలు విప్పిన నిలువెత్తుకన్న పొడవగు సన్నని కమ్మి, పిడి యూడదీయుటకు వీలగు పార.

మంచుకొండమీద పెద్ద భయము జారిపడుట కాదు, వాలుమీది మంచు పలకగా విరిగి దొర్లివచ్చుట. 2023 ఫిబ్రవరి 1న ఈ అఫర్వతు కొండమీదనే అట్టి మంచుచరియ పడి పోలండు దేశస్థు లిద్దఱు మరణించిరి. 21 మందిని బ్రతికించి తెచ్చిరి. మంచులో పూడిన మనిషిని పదిపదునైదు నిమిషములలో తీసినచో బ్రతుకుట కెక్కువ యవకాశము. తరువాత ఒక్కొక్క నిమిషమునకు ఆశ సన్నగిల్లును. క్రిందినుండి మనుష్యులు వచ్చువఱకు అంత కాలము నిలువదు. కావున అక్కడ నున్నవారే తీయవలెను. అందఱి యంత్రములును నడచునంతసేపు సంకేతము నంపుచుండును. ఎవరేని పూడినచో తక్కినవారు తమ యంత్రములను వెదకుటకు త్రిప్పుకొని, అంకెలు తగ్గినకొలది దగ్గఱకు పోయి, కమ్మి గ్రుచ్చి చూచి, పారతో త్రవ్వవలెను.

ఇదంతయు నాయన పని గదా యని మా ఆడుబిడ్డ అడిగెను. పైకము పుచ్చుకొని తీసికొనిపోవువాడు కాపాడవలెను గాని, కూడ వచ్చినవారికి ఈ చాకిరి యేమి? ఆయన నవ్వలేదు. “మిమ్ములను త్రవ్వుట నాకు తెలియును. ముందు నడచువాడను నేను. నేను పూడిపోయినచో నన్ను త్రవ్వవలసినవారు మీరు” అనెను. ఆ మాటకు మేమేమియు బదులాడలేదు. పుట్టినది మొదలు మేము ఎక్కడికి పోయినను ఎవరో ఒకరు మమ్ములను భద్రముగా చేర్చినవారే. తీసికొనిపోవువాని ప్రాణము మా చేతిలో నుండునని చెప్పిన మగవానిని అంతకుముందు చూడలేదు.

పిమ్మట ఆయన ఒక యంత్రమును సంచిలో చుట్టి ఎక్కడనో మంచులో పాతివచ్చి, వెదకుడనెను. మొదటిసారి మాకు తొమ్మిది నిమిషములు పట్టెను. “చచ్చిపోయితిని, మఱల” అనెను. మూడవసారికి నాలుగు నిమిషములలో దొరకెను. కమ్మి తగిలినచోటికి పై నుండి గాక, వాలు దిగువనుండి ప్రక్కగా త్రవ్వవలెనట. మాలో పారపట్టుట తెలిసినది అత్తగారికే. పొలముగట్లు చెక్కిన చేయి అది; ఆమెను ముందుంచి మంచును వెనుకకు లాగుట మా పంతుగా పెట్టుకొంటిమి.

ఆఱున్నరకు నడక సాగినది. జోడు మునివేళ్ళవద్ద మాత్రమే పలకకు బిగింపబడి, మడమ విడిగా లేచుచుండును. పలక అడుగున ఒక పట్టీ అంటించుకొందురు. పూర్వము ఉత్తరదేశములవారు సీలను సముద్రజంతువు చర్మమును కట్టుకొనెడివారు. ఇప్పుడు అంగోరామేక వెంట్రుకలతోనో నైలానుతోనో నేయుచున్నారు. వెంట్రుకలన్నియు వెనుకవైపు వాలియుండుటచే పలక ముందునకు సులభముగా జాఱును, వెనుకకు జాఱబోయినచో వెంట్రుక నిక్కి మంచును పట్టుకొనును. పిల్లి వీపును ఎదురు నిమిరి చూచినవారికి ఇది తెలియును. పాదము నెత్తి వేయరాదు, నేలను రాచుచు ముందునకు త్రోయవలెను. దీనిని మాకు నేర్పుటకు ఆయనకు చాల సేపు పట్టెను. “ఆహిస్తా, ఆహిస్తా” యని వెనుకకు తిరుగకనే పలుకుచుండెను. గుల్మార్గే 2,650 మీటర్ల యెత్తున నున్నది. మాటాడుచు నడువగలిగినంత మెల్లగా నడువుడని ఆయన పెట్టిన కొలత. మాటాడలేకపోయినచో వేగము హెచ్చినట్లు. మాటల కేమి లోటు! యారాలు తప్ప అందఱము మాటాడితిమి.

ఆ పిల్ల సంగతి యిక్కడ చెప్పవలెను. పెండ్లియై వచ్చి రెండేండ్లు. ఇంటిలో కూరలో ఉప్పు చాలదని కూడ నోరు విప్పి యెఱుగదు. అడిగినచో “మీ యిష్టమే” యనును. మేము దానిని మంచితనమనుకొంటిమి.

ఫర్‌చెట్ల యడవి గుండ దారి వంకరలుగా ఎక్కును. చెట్లకొమ్మలనుండి మంచు దభాలున రాలి మెడలో పడుచుండెను. వాలు నిటారైనచోట మూల మలుపులున్నవి. ఒక కాలు నెత్తి పలకను పూర్తిగా వెనుకదిక్కునకు త్రిప్పి పెట్టి, పిదప రెండవది తెచ్చుకొనవలెను. నడుమ క్షణమున రెండు పాదములును రెండు దిక్కులకు చూచుచుండును. అత్తగారు అచట రెండుమాఱులు పడి, మూడవమాఱు పలకలు విప్పి చంక బెట్టుకొని మోకాలిలోతు మంచులో నడచి మలుపు దాటెను. అందు తప్పులేదని మార్గదర్శి యనెను. అడవి నడుమ కూర్చుండి ఆయన తెచ్చిన నూన్‌చాయ్ త్రాగితిమి. ఉప్పు వేసిన గులాబిరంగు తేనీరు అది. మొదటి గుక్కకు ముఖము ముడుచుకొంటిమి, రెండవ గిన్నె అడిగి త్రాగితిమి.

పదిగంటలు దాటిన పిదప చెట్లు ముగిసి ఖిలన్‌మార్గు బయలు కనబడెను. ఎండ మంచుమీద పడి నల్లద్దములలోనుండి కూడ కన్నులు చెదరెను. ఎదుట ఇంకొక మిట్ట. దానిపైకి పోయినచో, మబ్బు లేనినాడు, ఉత్తరమున నంగాపర్వతము కనబడును. 8,126 మీటర్ల శిఖరము. అత్తగారు ఇంత దూరము వచ్చినది దానిని చూచుటకే. ఆనాడు ఆకాశము కడిగినట్లుండెను.

మార్గదర్శి కఱ్ఱతో వాలును కొలిచెను. మంచుచరియలు తఱచుగా విరుగునది 30 నుండి 45 డిగ్రీల వాలులమీద. మేము పోవలసిన దారి అంతకన్న తక్కువదే. కాని దానిపైని వాలు నిటారైనది, పైనుండి వచ్చునది క్రింది దారిమీదనే పడును. ఎండకు మంచు మెత్తబడుచున్నది. పోవచ్చునని గాని పోరాదని గాని ఆయన చెప్పలేదు. పొద్దుననే చెప్పిన నియమమును మఱల చెప్పెను: ఒక్కొక్కరిని అడుగును, ఒక్కరు వద్దన్నను అందఱును తిరుగవలెను, కారణము చెప్పనక్కఱలేదు, చిన్నవారు ముందు చెప్పవలెను, పెద్దవారి మాట విన్న తరువాత చిన్నవారు నిజము చెప్పరు గనుక.

చిన్నది యారాలు. ఆమె అత్తగారి వంక చూచెను. పైవాలు వంక చూచెను. “వద్దు” అనెను.

మాకు వినబడలేదేమో యనిపించెను. అత్తగారు కఱ్ఱలు రెండును మంచులో నాటి, “ఇంత దూరమొచ్చి? నీకెట్ల తెలుసు?” అనెను.

“తెల్వదు అత్తమ్మా. ఆ ఉండలు జూస్తే భయమైతుంది.”

అప్పుడు మేమును చూచితిమి. పైవాలుమీద ఎండ తగిలిన బండలచెంతనుండి చిన్న చిన్న మంచుండలు తమంతట తాము పుట్టి, దొర్లుచు, వెనుక సన్నని గీతలు విడుచుచు దిగుచుండెను. మంచు వేడెక్కుచున్నదనుటకు అది గుర్తని పొద్దున నాయన చెప్పినదే. మేము తేనీరు మాటలలో మఱచితిమి, మాటాడని పిల్ల మఱువలేదు. “బస్” అని మార్గదర్శి మా ముగ్గురిని అడుగకయే పలకల పట్టీలు ఊడదీయుటకు వంగెను.

అత్తగారు కొంతసేపు కదలలేదు. ఆమె మనసులో నేమి జరిగెనో మేము చెప్పలేము. నలుబదేండ్ల సంసారమున ఆమె మాటమీద మాట పడుట మేము చూచి యెఱుగము. పిమ్మట పట్టీ నూడదీయుటకు వంగి, వ్రేళ్ళు కొంకర్లు పోయి రాక, “ఇటు పట్టు” అని యారాలిని పిలిచెను. ఇద్దఱును చెఱియొక కొన పట్టుకొని లాగిరి.

దిగుటను గూర్చి వ్రాయుటకు ఎక్కువ లేదు. మడమలు బిగించుకొని, మార్గదర్శి గీత వెంట, ఒకరి వెనుక నొకరము ఎడము విడిచి, బయలు వాలున జారినపుడు చెవులలో గాలి తప్ప మఱొకటి వినబడలేదు. అడవిలో చెట్లకు భయపడి సగము దూరము పలకలు చేతబట్టి నడచితిమి. ఒంటిగంటకు క్రిందికి చేరితిమి.

ఆ వాలు ఆనాడు విరిగిపడలేదు. సాయంకాలము వఱకు మా ఆడుబిడ్డ బస కిటికీలోనుండి పదిమాఱులు చూచెను. ఎట్లున్నది అట్లే యుండెను. పోయియున్నచో చూచి వచ్చియుందుమేమో యని ఆమె మార్గదర్శితో కూడ అనెను. “ఉండవచ్చును. రేపు మరల పోయినను నేనడుగుదును, ఎవరు వద్దన్నను తిరుగుదును” అని ఆయన మా యంత్రములు లెక్కచూచుకొని పోయెను. మఱునాడు మబ్బు పట్టెను. ఆ మఱునాడు మా రైలు. నంగాపర్వతమును మేము చూడలేదు.

ఆ రాత్రి మఱిది ఫోనులో, పైదాక పోయితిరా యని తల్లి నడిగెను. యారాలు కాంగిడి కుంపటి ఒడిలో పెట్టుకొని తల వంచుకొని యుండెను. “లేదు బిడ్డా. పైన మంచు మంచిగ లేదు. మేమే వద్దనుకొన్నం” అని అత్తగారు చెప్పి, ఇంటిలో పాలవాని లెక్క యేమైనదని అడిగెను.

పోదలచిన సోదరీమణులకు: గుల్మార్గులో కేంద్రప్రభుత్వపు స్కీ శిక్షణాలయము 1968 నుండి ఉన్నది, ముందు అచ్చట గాని మఱొకచోట గాని అడుగులు నేర్చుకొనక కొండమీదికి పోరాదు. రెండునెలల ముందునుండి మెట్లెక్కి దిగుట అలవాటు చేసికొనుడు. మేము మేడమెట్లు దినమునకు నలుబదిమాఱు లెక్కితిమి. నల్లద్దములు లేక మంచుమీద ఒక గంట యున్నను రాత్రికి కన్నులు ఇసుక పోసినట్లు మండును. ట్రాన్సీవరు, కమ్మి, పార ఈ మూడును ఇయ్యని మార్గదర్శి వెంట, వానిని వాడుట నేర్పని మార్గదర్శి వెంట, ఎంత చౌకయైనను పోకుడు. అన్నిటికన్న ముందు జోళ్ళ కొలత సరిచూచుకొనుడు; మా ఆడుబిడ్డ ఎడమ మడమమీది పొక్కు ఉగాది వఱకు మానలేదు.