ఇంకొల్లు దారిలో వరలక్ష్మి బండి

గుంటూరు మిర్చి యార్డు దాటేదాకా ఘాటుకు కళ్లు మండుతూనే ఉన్నాయి. చిలకలూరిపేటలో హైవే వదిలి పర్చూరు రోడ్డెక్కాక నల్లరేగడి మొదలైంది. ఫిబ్రవరి కదా, ఒకవైపు ఆఖరి తీతకొచ్చిన పత్తి, ఇంకోవైపు కల్లాల్లో ఎర్రగా ఆరుతున్న మిరపకాయలు. నేను వెళ్తున్నది మాత్రం ఇంకొల్లు దాటాక ఓ పెద్దాయన గోడౌనులో ఉన్న పాత బళ్లను చూడ్డానికి.

తలుపు తీస్తే ఎజ్డీ, బుల్లెట్, వాటి వెనక తెల్ల అంబాసిడర్.

"ఏ సంవత్సరానివి బాబాయ్?"

ఆయన సంవత్సరాలు చెప్పలేదు. "ఇది వరలక్ష్మి బండి అబ్బాయ్" అంటూ ఎజ్డీ ట్యాంకు నిమిరారు. వరలక్ష్మి అంటే 1972లో ధార్వాడలో విడుదలైన సంకర పత్తి రకం. ఆ పత్తి తెచ్చిన తొలి డబ్బుతో కొన్నారట. ఈ మోటార్‌సైకిళ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1961 నుంచి వాటిని జావా పేరుతో తయారుచేసి, 1973లో ఆ పేరును ఎజ్డీగా మార్చింది. 1996లో మూతపడింది. ఇందులో కిక్కు రాడ్డే గేరు రాడ్డు. స్టార్టయ్యాక లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరుకు పనికొస్తుంది. ఆయన చేసి చూపించారు. రెండు సైలెన్సర్లలోంచీ నీలిపొగ.

బుల్లెట్‌ది వేరే చదువు. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. డీకంప్రెసర్ నొక్కి, అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, అప్పుడు కొట్టాలి. తొందరపడితే రివర్స్ కొడుతుంది. ఇది మిర్చి బండి. ధర బాగా పలికిన ఏడు యార్డు నుంచి నేరుగా షోరూముకే వెళ్లారట.

అంబాసిడర్ దగ్గర ఆయన కాసేపు మాట్లాడలేదు. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చిపెట్టింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులవి. ఈయన కారమ్మి బాకీ కట్టారు. మళ్లీ నిలదొక్కుకున్నాక అదే కారును వెతికి పట్టుకుని కొన్నారు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశాను, 1912 నాటిది. అందమైన బండే. కానీ అది ఊరేగింపులకే పుట్టింది. పురుగుమందు డబ్బాలు, విత్తనాల సంచులు, పురిటి నొప్పుల ఆడవాళ్లను మోసిన ఈ బళ్లకే నా ఓటు.

యాభయ్యేళ్లు దాటిన బళ్లకు 2021 నుంచి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తున్నారని చెప్పాను. అది తీసుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పకూడదు.

"పొలానికి పోవద్దంటే ఆ నంబరు నాకెందుకురా? ఎక్కు. పర్చూరులో ఒకాయన దగ్గర రాజ్‌దూత్ ఉంది, అమ్ముతాడేమో అడిగొద్దాం."